అక్క కొత్త ఫోను, నా పాత వైర్లు

మా ఇంట్లో బీరువా కింది అరలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. రేకు డబ్బా. అందులోని బిస్కెట్లు ఎప్పుడు అయిపోయాయో గుర్తు లేదు గానీ, వైర్లు మాత్రం ఏటా పెరుగుతూ వచ్చాయి.

దినపత్రికకు బాన్సువాడ నుంచి వార్తలు పంపడం మొదలుపెట్టిన కొత్తలో నాకు వైర్లతో పని లేదు. రాసిన కాగితాలూ ఫిల్ము రోలూ కవరులో పెట్టి నిజామాబాద్ బస్సు డ్రైవరు చేతికిస్తే, అవతల బస్టాండులో ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోయేవారు. తర్వాత ఫ్యాక్సు వచ్చింది. ఆపైన డిజిటల్ కెమెరా, మాటలు రికార్డు చేసే బుల్లి పెట్టె, కంప్యూటరు, ఒకదాని వెనక ఒకటిగా ఫోన్లు. ప్రతి వస్తువూ తనకంటూ ఒక వైరును వెంటబెట్టుకుని వచ్చింది. వస్తువులు పాడైపోయాయి, కొన్ని పోయాయి, కొన్ని ఆఫీసు వాళ్లు వెనక్కి తీసుకున్నారు. వైర్లను మాత్రం ఎవరూ అడగలేదు. పారేద్దామంటే నాకు చేతులు రాలేదు. ఎప్పుడు ఏది అవసరమవుతుందో ఎవరికి తెలుసు?

మా ఆవిడ ఆ డబ్బాకు పాములోడి బుట్ట అని పేరు పెట్టింది. మా వీధిలో అదే పేరు ఖాయమైంది. ఎవరికైనా వైరు తెగితే, దుకాణానికి పోయే ముందు ఒకసారి మా గుమ్మంలోకి తొంగి చూస్తారు. పాత ఫోన్లకు వచ్చే సన్న పిన్నును ఇక్కడి దుకాణాల్లో వీ ఎయిట్ అంటారు. ఇప్పటి ఫోన్లకు వచ్చేది సీ పిన్ను. దాన్ని ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. వీ ఎయిట్ వైరు కొసకు తగిలిస్తే సీ పిన్నుగా మారిపోయే చిన్న ముక్క కూడా ఒకటి నా దగ్గరుంది. చింతగింజంత ఉంటుంది. దాన్ని నేను ఉంగరం దాచినట్టు దూదిలో చుట్టి దాచాను.

మొన్నటి దసరా మర్నాడు పొద్దున్నే మా అక్క వచ్చింది. అక్క వాళ్లది బీర్కూర్. మొదటి బస్సు ఎక్కి వచ్చిందట. పండుగ పూట వచ్చిన మనిషి కాళ్లు కడుక్కుని కూర్చుంటుంది కదా, అక్క కూర్చోలేదు. కొంగు ముడి విప్పి ఫోను తీసి నా చేతిలో పెట్టింది. కొత్తది. నల్లగా, చల్లగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

జరిగింది ఆమె నిలబడే చెప్పింది. ఫోను పండుగకు ముందు కొన్నది. పెట్టెలో ఫోనుంది, వైరుంది, గోడకు పెట్టే చార్జరు లేదు. ఆ వైరుకు రెండు కొసలా సీ పిన్నే. ఇంట్లో ఉన్న పాత చార్జరుకేమో వెడల్పు నోరు. దానికీ దీనికీ పొత్తు కుదరలేదు.

"ఎడ్లనిచ్చి కాడి ఇయ్యనట్టున్నది," అంది అక్క.

దుకాణంలో ఎక్కించి ఇచ్చిన కాస్త చార్జింగూ పండుగ నాడు ఫొటోలకూ, చుట్టాలతో ముచ్చట్లకూ సరిపోయింది. సాయంత్రానికి ఫోను కన్ను మూసింది. పక్కింటి చార్జరు పెడితే ఎక్కలేదు. ఎదురింటి వాళ్లదీ అంతే. కంపెనీ చార్జరే కావాలేమో అని వాళ్లు చేతులెత్తేశారు. బాన్సువాడ బస్టాండు దగ్గర దిగి చూస్తే ఫోన్ల దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. దసరా మర్నాడు మా దగ్గర తెరిచి ఉండేవి మటన్ దుకాణాలే. అక్కడ మాత్రం జాతర.

ఫోను ఒక పూట పని చెయ్యకపోతే ఇంత ఉరుకులాట ఎందుకో బయటివాళ్లకు అర్థం కాదు. ఈసారి దసరా నాటికే మా చుట్టుపక్కల వరి కోతకు వచ్చింది. అక్క వాళ్ల పొలం కాలువ కింద ఉంది, మడి ఇంకా తడి ఆరలేదు. టైర్ల కోత మిషను దింపితే దిగబడుతుంది. చైన్ల మిషనే దిగాలి. ఆ వైపుకు వచ్చిన చైన్ల మిషను ఒక్కటే. దాన్ని తిప్పే ఏజెంటు వరుస పెట్టి, ఎవరి పొలం దగ్గరికి వస్తే వాళ్లకు ఫోన్ చేస్తాడు. ఫోను ఎత్తినవాళ్లు వచ్చి తమ పొలం హద్దు, గెట్టు చూపించాలి. ఎత్తకపోతే మిషను పక్క పొలంలో దిగుతుంది. పోయిన వరుస మళ్లీ రావాలంటే మిషను ఊరి పొలాలన్నీ తిరిగి రావాలి. ఆ రోజు అక్క వాళ్ల వంతు.

బావకు ఫోను లేదు. రెండు ఫోన్లు మడి బురదలో పడేసుకున్నాక ఇక నాకొద్దు అన్నాడు. ఆయన పొద్దున్నే ట్రాక్టరు, టార్పాలిన్లు మాట్లాడి తేవడానికి నస్రుల్లాబాద్ పోయాడు. ఏజెంటు దగ్గర ఉన్నది అక్క నంబరొక్కటే. ఆ ఏజెంటు నంబరు ఉన్నదేమో ఈ చచ్చిన ఫోనులోనే. తహసీల్దారు ఆఫీసు నుంచి పోలీసు స్టేషను దాకా అందరి నంబర్లూ రాసిపెట్టుకునే నా దగ్గర, ఈ సీజనుకు కొత్తగా వచ్చిన కోత మిషను ఏజెంటు నంబరు లేదు.

"గా మబ్బు చూడు తమ్మీ," అంది అక్క, కిటికీ వైపు చెయ్యి చూపించి. "మంచిగ ఎన్ను మీదున్నది వరి. ఇయ్యాల కొయ్యకపోతే, ఆనకు మొత్తం పండుకుంటది."

ఉత్తరాన ఆకాశం నిజంగానే మసి పూసినట్టుంది. నేను పాములోడి బుట్ట తీశాను.

మొదటి వైరు నా పాత ఫోనుది, సీ పిన్నుదే. పెట్టగానే అద్దం మీద మెరుపు గుర్తు ఒకటి తళుక్కుమని మాయమైంది. అక్క మొహం కూడా అలాగే వెలిగి ఆరింది. రెండో వైరు పెడితే మెరుపు రెండుసార్లు వచ్చి పోయింది. వీ ఎయిట్ వైరుకు చింతగింజ ముక్క తగిలించి పెట్టాను. అదీ అంతే. పాత వైర్లకు కొన్ని అలవాట్లుంటాయి. ఒకటి ఎడమకు వంచితేనే పని చేస్తుంది. ఒకదానికి మెడ దగ్గర దారం చుట్టాలి. ఇంకోటి పైన బరువు పెడితే గానీ మాట వినదు. నేను వంచాను, చుట్టాను, రుబ్బురోలు పొత్రం తెచ్చి బరువు పెట్టాను. మెరుపు వస్తూనే ఉంది, పోతూనే ఉంది.

"వదినా, నీ తమ్ముడు నాగసరం ఊదుతున్నడు. ఒక్క పామన్న లేస్తదేమో చూద్దాం," అంది మా ఆవిడ, వంటింట్లోంచి చాయ్ తెస్తూ.

అక్క నవ్వబోయి మబ్బు వైపు చూసి ఆగిపోయింది.

అప్పుడు గమనించాను, వైరు బయటికి తీసినప్పుడు పిన్ను కొసన ఎర్రగా ఏదో అంటి ఉంది. ఇంకో వైరు చూశాను. దానికీ ఉంది. తుప్పు అన్నాను. రేకు డబ్బాలో ఏళ్ల తరబడి పడి ఉన్న వైర్లు, వానాకాలం చెమ్మ, తుప్పు పట్టక ఏమవుతుంది? గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్రగానే బయటికి వచ్చింది. పాత వైర్లలో రాగి ఎలా పాడవుతుందో, కొత్త ఫోన్లు పాత వైర్లను ఎందుకు తిప్పికొడతాయో అక్కకు కొంచెం వివరంగానే చెప్పాను. ఏళ్ల కిందట ఇదే విషయం మీద పత్రికలో రాసిన ముక్కలు కొన్ని ఇంకా నోటికే ఉన్నాయి. అక్క తలూపుతూ వింటోంది. ఆమెకు అందులో ఒక్క మాట కూడా పట్టినట్టు లేదు.

మా ఆవిడ నా చేతిలోని గుడ్డ తీసుకుని వెలుతురులో చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తుప్పుకు పసుపు వాసన వస్తదా?" అంది.

అక్క చాయ్ గ్లాసు కింద పెట్టి, ఫోను అంచు కిందికి తిప్పి చూసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నేనే పెట్టిన," అంది మెల్లగా.

దసరా నాడు పనిముట్లకు పూజ చెయ్యడం మామూలే. కొడవళ్లకు, పారకు, మందు కొట్టే పంపుకు, మోటారు డబ్బాకు అన్నిటికీ అక్క పసుపు కుంకుమ పెట్టింది. ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఫోనుకు పెట్టకపోతే దానికి చిన్నతనం కాదా? పెట్టడం సరే, ఎక్కడ పెట్టాలన్నదే ఆలోచన. అద్దం మీద పెడితే ఏమీ కనపడదు. వెనక పెడితే కొత్త కవరుకు మరకలు. అందుకని అటూ ఇటూ తిప్పి దాని నోరు ఎక్కడుందో వెతికింది.

"గడపకు పెట్టినట్టే పెట్టిన. అన్నం తినే కాడ బొట్టు పెడితే మంచిదే గదా అనుకున్న. రాలిపోతదని నూనెల తడిపి, ఏలుతోని అదిమిన."

మా ఆవిడ తలుపుకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వు ఆగలేదు. అక్క కాసేపు మా ఇద్దరినీ కోపంగా చూసి, ఆఖరికి తనే అందరికంటే పెద్దగా నవ్వింది. "పెట్టినప్పుడు ఫొటో గూడ తీపిచ్చిన. గందుకే గదా చార్జింగు అయిపోయింది," అంది కళ్లు తుడుచుకుంటూ. ఏ ఫోనుతో తీయించావని నేను అడగలేదు.

నవ్వులైతే అయ్యాయి, బొట్టు లోపల గట్టిపడి ఉంది. మా ఆవిడ చీపురు పుల్ల విరవబోతే అక్క ఒప్పుకోలేదు. పూజ చేసిన వస్తువుకు చీపురు పుల్ల తగలనిస్తుందా? అగ్గిపుల్ల లావు. సూది పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు, లోపలి పిన్ను సన్నగా నాలుక లాగా ఉంటుంది, గీసుకుపోతే అంతే సంగతులు. దేవుడి గూట్లో ముందురోజు ఇరుగుపొరుగు వాళ్లు బంగారమని ఇచ్చిపోయిన జమ్మి కొమ్మలున్నాయి. మా ఆవిడ ముల్లు లేని సన్న పుల్ల ఒకటి చూసి గిల్లి ఇచ్చింది.

"ఇది బంగారమే గద వదినా. ఇగ ఫికర్ లేదు."

జమ్మి పుల్లతో అంచుల వెంట మెల్లగా గీకాను. ఎర్రటి పొడి, దాని కింద పచ్చటి ముద్ద బయటికి వచ్చాయి. ఇంత చిన్న నోట్లో అంత బొట్టు ఎలా పట్టిందా అనిపించింది. ఊది, పొడి గుడ్డతో తుడిచి, ఇందాకటి మొదటి వైరే పెట్టాను. క్లిక్కుమని లోపలికంటా దిగింది. మెరుపు గుర్తు వచ్చింది. ఈసారి నిలబడింది.

అయితే పాత వైరు పాత వైరే. కొత్త ఫోను అడిగినంత కరెంటు అది ఇవ్వలేదు. కాలువ చివరి పొలాలకు నీళ్లు అందడం లేదని నేను ఎన్నేళ్లు వార్తలు రాశానో. తూము దగ్గర నిండుగా దూకిన నీళ్లు చివరి మడికొచ్చేసరికి పిల్లవాడు ఉమ్మినట్టు వస్తాయి. మా చార్జింగూ అలాగే వచ్చింది. అక్క గోడకు ఉన్న స్విచ్చు బోర్డు కింద చతికిలబడి, పాలు పొంగడం కోసం చూసినట్టు ఆ అద్దం వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఫోను తెరుచుకుంది. తెరుచుకోగానే టింగు టింగుమని ఒకటే మోత. ఏజెంటు ఎన్నిసార్లు ఫోన్ చేశాడో ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది.

అక్క వెంటనే ఫోన్ కలిపింది. వైరు చాలక గోడకు చెంప ఆనించి మాట్లాడింది. స్పీకరు పెట్టడం వల్ల మాకూ వినిపించింది.

"పొద్దటి సంది కొడుతున్న అక్కా, బంద్ వస్తున్నది. పక్క క్యాంపాయనకు చెప్పేసిన. డ్రైవరు చాయ్ తాగుతుండు, తాగినంక మిషన్ అటే దింపుతుండు."

క్యాంపు అంటే మా దగ్గర కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ రైతుల ఊరు. అక్క వాళ్ల పొలం గెట్టుకు అవతలి పొలం అలాంటి ఒక పెద్దాయనది.

"ఆయన ఒప్పుకుంటే మాది ముందుగాల కోస్తవా?" అంది అక్క.

"ఆయన ఒప్పుకుంటే నాకేంది? జల్ది రాండ్రి. ఫోన్ మళ్ల బంద్ చెయ్యకుండ్రి, నేను ఇంకో ఊర్లున్న. డ్రైవరుకు నేను చెప్తెనే కదులుతడు."

నా మోటారు సైకిలు తీశాను. ఫోనులో ఉన్న కాస్త చార్జింగు బీర్కూర్ దాకా నిలవదు. నా దగ్గరున్న పవర్ బ్యాంకు కూడా పాతదే, దానికి వెడల్పు నోరు. ఇందాకటి వైరేమో చార్జరుకే అతికి ఉన్న రకం, దీనికి పెట్టలేం. సరిపోయే వైరు డబ్బాలో వెతికితే ఒకటి దొరికింది గానీ, దాని మెడ నిజంగానే విరిగి ఉంది. బొటనవేలితో ఒక పక్కకు నొక్కి పట్టుకుంటేనే కరెంటు పారుతుంది. అక్క వెనక కూర్చుని పవర్ బ్యాంకు ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో వైరు మెడ పట్టుకుంది. దవాఖానలో సెలైను ఎక్కుతున్న మనిషిని బండి మీద తీసుకుపోతున్నట్టుంది మా వాలకం. ఏజెంటు దారిలో రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ నేను బండి ఆపాను, ఎందుకంటే మాట్లాడటానికి చెవి దగ్గరికి తెస్తే వైరు జారుతుందని అక్క భయం. మెడ వంచి ఫోను దగ్గరికే నోరు తీసుకుపోయి మాట్లాడింది.

దారి పొడవునా క్యాంపాయనకు ఏం చెప్పాలో అక్క వల్లె వేసుకుంటూ వచ్చింది. మొదట అడుగుతానంది. వినకపోతే కిందటేడు ఆయన నారుమడి ఎండిపోతుంటే మన మోటారు నీళ్లు పెట్టిన సంగతి గుర్తు చేస్తానంది. అప్పటికీ వినకపోతే కొట్లాడుతానంది. ఆ మూడో మాట చెప్పేటప్పుడు వైరు పట్టుకున్న చెయ్యి నా వీపుకు గట్టిగా తగిలింది.

మేం చేరేసరికి మిషను గెట్టు మీదే నిలబడి ఉంది. డ్రైవరు చాయ్ తాగడం అయిపోయి, తల పాగా సవరించుకుంటున్నాడు. క్యాంపు పెద్దాయన తన మడి అంచున నిలబడి వరి కంకి ఒకటి అరచేతిలో నలిపి చూసుకుంటున్నాడు. అక్క బండి దిగి, వైరూ పవర్ బ్యాంకూ పట్టుకునే గెట్టు వెంట నడిచింది.

"అన్నా, ఒక్క మాట," అంటూ మొదలుపెట్టింది.

ఆమె ఫోను సంగతి సగం చెప్పిందో లేదో ఆయన అడ్డు తగిలాడు.

"అమ్మా, పుణ్యముంటుంది, ముందు మీదే కోయించుకోండి. మాది అటు చివరంతా ఇంకా పచ్చి. ఇప్పుడు కోస్తే తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో తరుగు తీసి నెత్తిన కొడతారు. వరుస వచ్చిందని ఫోన్ చేస్తే వద్దని ఎలా అంటాం? ఇందాకటి నుంచి ఎలా తప్పించుకోవాలా అనే చూస్తున్నా."

వల్లె వేసుకున్న మిగతా మాటలు అక్కకు అక్కర్లేకపోయాయి. ఫోను పైకెత్తి ఏజెంటుకు కలిపింది. ఏజెంటు డ్రైవరుతో హిందీలో రెండు ముక్కలు మాట్లాడాడు. మిషను గర్జించి, చైన్ల మీద తిరిగి, అక్క వాళ్ల మడిలోకి దిగింది.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. మా ఆవిడ.

"ఒక్కటి అడుగుతా," అంది. "వదిన సిమ్ము తీసి నీ ఫోన్ల ఏస్తే అయిపోతుండె గద. గీ లొల్లంతా ఎందుకు పడ్డం?"

నేను అక్కకు ఆ మాట చెప్పలేదు. మిషను చప్పుడులో చెప్పినా వినిపించదు.

బావ ట్రాక్టరుతో వచ్చేసరికి సగం పొలం కోత అయిపోయింది. ఆయనకు ఈ కథేమీ తెలియదు. వరుస ప్రకారం మిషను వచ్చింది, కోస్తోంది అనుకున్నాడు. అక్క కూడా చెప్పలేదు. బొట్టు సంగతి బయటపడితే ఈ దసరా నుంచి వచ్చే దసరా దాకా ఆయన నోట నానుతుందని ఆమెకు తెలుసు. నా వైపు ఒక్క చూపు చూసింది. అర్థమైందన్నట్టు నేను తలూపాను. మిషను నుంచి వడ్లు ట్రాలీలోకి పోతుంటే పక్కన నిలబడి, కోతకు వచ్చిన చుట్టం లాగా మాట్లాడుతూ ఉండిపోయాను.

మూడు గంటల వేళకు వడ్లు రోడ్డు పక్క కల్లంలో కుప్ప పోశారు. బావ, నేను, ట్రాక్టరు అతను కలిసి టార్పాలిన్లు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాం. రాయి పెట్టడం అయిందో లేదో గాలి లేచింది. ధూళి, ఎండు గడ్డి, దాని వెనక చినుకులు. మేం ట్రాక్టరు ట్రాలీ కిందికి దూరాం.

చినుకులు పది నిమిషాలు పడ్డాయేమో. టార్పాలిన్ మచ్చలు మచ్చలుగా తడిసింది. అంతే, మబ్బు పడమటికి జరిగిపోయి ఎండ కాసింది. బావ ట్రాలీ కింది నుంచి బయటికొచ్చి, చెయ్యి చాచి చూసి, కొంచెం నిరాశగానే అన్నాడు.

"గీ ఆనకేనా పొద్దటి సంది గింత భయపడ్డది?"

"ఊకో," అంది అక్క. "గెట్టు అవతలి అన్న పొలం ఇంకా నిలవడే ఉన్నది. గట్టిగ కొడితే గది ఏం గావాలె?"

బావకు ఆ మాట ఎందుకొచ్చిందో తెలియలేదు. గెట్టు అవతల పెద్దాయన కంకులను నిమిరి, తడి ఎంత ఉందో చూసుకుంటున్నాడు. అక్క అక్కడి నుంచే ఆయనను పిలిచి, మిషను వాడికి రేపటి నుంచి తనే ఫోన్ చేసి గుర్తు చేస్తానని, నంబరు తన దగ్గరుందని, ఫికర్ పెట్టుకోవద్దని గట్టిగా అరిచి చెప్పింది.

అన్నట్టే చేసింది. ఎండలు పట్టి ఆ పచ్చి వరి రంగు తిరిగేదాకా రోజూ పొద్దున ఏజెంటుకు ఒక ఫోన్. ఆ పక్కాయన మడిలో మిషను దిగిన రోజున నాకూ చేసింది. ఏం చెప్పిందో సగమే వినపడింది. వెనక నుంచి చైన్ల చప్పుడు, ఆ చప్పుడు మీదుగా క్యాంపాయన డ్రైవరును గెట్టు దాటొద్దని కేకలేస్తున్నాడు.